జంట నంబర్ల సీళ్లు

నా కుడిచేతి చూపుడువేలు పూర్తిగా ముడుచుకోదు. పెన్ను పట్టుకుంటే బొటనవేలూ మధ్యవేలూ పనిచేస్తాయి, చూపుడువేలు పక్కన నిలబడి చూస్తూ ఉంటుంది. దాన్ని బూటు మడమ కింద వేసి నలిపిన మనిషి ఇప్పటికీ ఆటోనగర్‌లోనే ఉన్నాడు. వేరే యార్డులో మేనేజరు. ఎదురుపడితే తల ఊపి పలకరిస్తాడు కూడా. నేను పలకను. అతని మీద ఎన్ని చోట్ల ఫిర్యాదు చేశానో, ఎవరెవరు ఆ కాగితం తీసుకుని ఎలా చూశారో అన్నీ గుర్తున్నాయి. ఆ కాగితంలో ఒక్క మాట దగ్గర నేను పడిన ఇబ్బంది గురించి మాత్రం ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు.

అప్పట్లో నేను ఒక ట్రాన్స్‌పోర్టు యార్డులో స్టోర్సు చూసేవాణ్ణి. పోర్టులో దిగిన రాగి తుక్కు కంటైనర్లు తనిఖీ అయ్యాక మా యార్డుకు వచ్చి, అక్కణ్ణుంచి ఎలమంచిలి అవతల ఉన్న ఒక ఫౌండ్రీకి వెళ్లేవి. తనిఖీలో పాత సీలు తెంచేస్తారు. మళ్లీ కొత్త సీలు వెయ్యడం మా పని. సీలంటే కంటైనరు తలుపు గడియకు వేసే ఒంటిసారి తాళం. దానికి తాళంచెవి ఉండదు, నంబరు ఉంటుంది. తెంచితేగాని రాదు, తెంచితే మళ్లీ పనికిరాదు. అప్పటిదాకా ప్లాస్టిక్‌వే వాడేవాళ్లం. ఇకమీదట ఏ రకం సీలు కొనాలో చూసి చెప్పమని మేనేజరు నాకే అప్పజెప్పాడు. అప్పజెప్పిన సంగతి తరవాత తానే ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

నేను మూడు రకాలు తెప్పించాను. ప్లాస్టిక్ పట్టీ సీలు, ఇనుప తీగ సీలు, బోల్ట్ సీలు. మూడింటినీ పట్టుకుని మా యార్డు గోడ అవతలున్న వెల్డింగ్ షెడ్డుకు వెళ్లాను. అక్కడి మేస్త్రీ అరవై దాటిన మనిషి, చేతుల నిండా కాలిన మచ్చలు.

"కొత్తవి ఇరగ్గొట్టడానికి తెచ్చావేటి బాబూ? పాతవి దొరకలేదా?" అన్నాడు.

"దొంగ ఎలా విరగ్గొడతాడో అలా విరగ్గొట్టు. ఎంతసేపు పడుతుందో చూద్దాం."

"దొంగతనం నేర్పడానికి నా కాడికే రావాల?" అంటూనే సుత్తి తీశాడు.

ప్లాస్టిక్ సీలుకు సుత్తి కూడా అక్కర్లేకపోయింది. టీ గ్లాసులో వేడినీళ్లు పోసి కాసేపు ముంచి, పిన్నీసుతో లోపలి పన్ను పక్కకు నొక్కాడు. ఊడి వచ్చింది. మళ్లీ వేస్తే మామూలుగానే పట్టుకుంది. తీగ సీలును కటింగ్ ప్లేయరుతో రెండు కొరుకుల్లో తెంపేశాడు. బోల్ట్ సీలు దగ్గర మాత్రం మేస్త్రీకి కోపం వచ్చింది. అది చిటికెనవేలంత ఉక్కు పుల్ల, దాని కొసకు తొడిగే టోపీలాంటి బుడిపె. రెండూ కలిపి నొక్కితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. వైసు దవడల మధ్య బిగించి బాదాడు. నిప్పురవ్వలు లేచాయి, వైసు అంచు పెచ్చు ఊడి నా చెంపకు తగిలింది, సీలు మాత్రం ఊడలేదు. చివరికి మోచెయ్యంత పిడులున్న పెద్ద కట్టర్ తెచ్చి, ఒక పిడిని నేలమీద ఆనించి, రెండోదాని మీద ఒళ్లంతా వేసి తొక్కితే తెగింది.

"ఇది బానే ఉంది. కానీ నానైతే సీలు జోలికెల్లను బాబూ. తలుపు గడియకి రివెట్టుంటాది సూడు, అది డ్రిల్లేసి లాగితే సీలూ గడియా కలిసే వొచ్చేత్తాయి," అన్నాడు.

అది కూడా రాసుకున్నాను. యార్డుకు వచ్చి ఒక కాగితం మీద వివరంగా పెట్టాను. బోల్ట్ సీలే కొనాలి. రివెట్లకు వెల్డింగు చుక్క పెట్టించాలి. సీలు వేశాక నంబరు కనబడేలా ఫోటో తియ్యాలి. ఒక నంబరుతో ఒక్క సీలే ఉండాలి.

ఆ చివరి మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పాలి. మా యార్డులో ఒక అలవాటు ఉండేది. బండి రాకముందే, పొద్దున్నే, కాగితాలన్నీ టైపు చేసి పెట్టేసేవాళ్లు. సీలు నంబరు కూడా అందులోనే. తీరా తలుపు దగ్గర ప్లాస్టిక్ సీలు వంకరగా పడి సగంలో బిగుసుకుపోతే దాన్ని తెంచి వేరే నంబరు వెయ్యాలి. అప్పుడు కాగితాలన్నీ దిద్ది, గేటుకో ఉత్తరం, ఫౌండ్రీకో ఉత్తరం ఇవ్వాలి. పూట గడిచిపోతుంది. అందుకని మేనేజరు ఒక తెలివి చేశాడు. సీళ్లు అచ్చు వేసేవాడికి చెప్పి ప్రతి నంబరూ రెండేసి తెప్పించాడు. ఒకటి వెయ్యడానికి, ఇంకోటి డ్రాయరులో స్పేరు. యార్డంతా దాన్ని గొప్ప ఉపాయంగా చెప్పుకునేది. తాళం ఒకటి, తాళంచెవులు వీధికో కాపీ అన్నట్టు ఉందని నేనొక్కణ్ణే అన్నాను.

ఆ కాగితం మేనేజరు బల్ల మీద పెట్టాను. అతను మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. నేను చూస్తుండగానే, పైనున్న నా కాగితం తీసి, బజ్జీ దాని మధ్యలో పెట్టి, నూనె పిండి, తిన్నాడు.

"ఏటి గురూ, సీళ్ల మీద పీహెచ్‌డీ సేత్తన్నావేటి? దొంగకి సీలు అడ్డమా? ప్లాస్టిక్ సాలు, పో," అన్నాడు.

మళ్లీ రాసి ఇచ్చాను. దాన్ని చదవకుండా ఫైల్లో పెట్టాడు. మూడోసారి ఇస్తే, "గోదారోళ్లకి కాగితాల పిచ్చి," అన్నాడు తన బామ్మర్దితో. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు పనికి వచ్చి కూర్మన్నపాలెంలో స్థిరపడ్డాడు, నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా ముప్పైయేళ్ల తరవాత కూడా గోదారోణ్ణే. బామ్మర్ది యార్డులో సరుకు ఎత్తి దింపే కళాసీల మీద అజమాయిషీ చేసేవాడు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. అదీ గుర్తుంది.

మా డ్రైవరు కూడా నవ్విన రోజు ఒకటుంది. అతను ఇక్కడి సముద్రపు పల్లెవాడు. వాళ్ల నాన్న వేటకు వెళ్తాడు, ఇతను మాత్రం లారీ పట్టాడు. నన్ను బావా అని పిలిచేవాడు. వాళ్లింట్లో ఎండుచేపల కూర ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. అలాంటి మనిషి ఒకరోజు టీకొట్టు దగ్గర అందరి ముందూ అన్నాడు: "మా బావ ఇంటికి తాళం ఎయ్యడొరే. సీలేత్తాడు. పొద్దున్నే అక్క కట్టరట్టుకొచ్చి తలుపు తియ్యాల."

మేనేజరుకు టీ ముక్కులోంచి వచ్చింది. ఆ రోజునుంచి నా పేరు సీలు పంతులు. కళాసీలు, గేటు మనిషి, టీ కొట్టువాడు అందరూ అలాగే పిలిచేవారు. డ్రైవరు ఆ మాట ఆ సాయంత్రానికే మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు.

ఆ తరవాతే నేనొక పని చేశాను. స్పేరు సీళ్లన్నీ ముందు వేసుకుని, సూదిని మంటలో ఎర్రగా కాల్చి, ప్రతిదాని మీద చివరి అంకె పక్కన ఒక చిన్న చుక్క పెట్టాను. వెతికేవాడికి తప్ప కనబడదు. ఎవరికీ చెప్పలేదు. వినని వాళ్లకు చెప్పడమెందుకు? డ్రాయరు తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి మేనేజరు దగ్గర.

మే నెల. ఒక కంటైనరు సాయంత్రం యార్డుకు వచ్చింది. నా ముందే డ్రైవరు సీలు వేశాడు. చుక్క లేని సీలు, సరిగ్గానే పడింది. ఇంటికి వెళ్లి పడుకుని పొద్దున్నే బయల్దేరమని మేనేజరు డ్రైవరుకు చెప్పాడు. ఎప్పుడూ అంత దయగా చెప్పడని అప్పుడు తోచలేదు. మర్నాడు బండి ఫౌండ్రీ చేరింది. సీలు పదిలంగా ఉంది, నంబరు కాగితాల్లో ఉన్నదే. తలుపు తీసి తూకం వేస్తే సరుకు తక్కువ. లెక్కపెడితే రాగి కట్టలు ఆరు లేవని ఫౌండ్రీవాళ్లు మేనేజరుకు ఫోను చేశారు. ఫౌండ్రీ గేటులో సీలు తెంచాక ఆ ముక్కల్ని కవరులో పెట్టి, రసీదుతో పాటు డ్రైవరు చేతికే ఇస్తారు. అది పద్ధతి.

ఆ మరుసటి పొద్దున్న పదకొండు గంటలకు డ్రైవరు ఖాళీ బండితో వచ్చాడు. ఒక చేతిలో కవరు, ఇంకో చేతిలో తాటాకులో కట్టిన ముంజెలు. ముందురోజు వెళ్తూ దారిలో కొన్నాడట, అందరికీ. ముంజెలు బల్లమీద పెట్టేలోపే బామ్మర్ది వెనకనుంచి మెడ మీద కొట్టాడు. కిందపడ్డాడు. ఇద్దరు కళాసీలు పట్టుకుంటే టార్పాలిన్ తాడుతో తూకపు షెడ్డు స్తంభానికి కట్టేశాడు. ముంజెలు నేలమీద చితికి, వాటి నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి.

మేనేజరు కవరు చింపి సీలు ముక్కలు నా అరచేతిలో పోశాడు. "నువ్వే కదా పంతులువి. నంబరు సూసి సెప్పు."

చూశాను. నంబరు అదే. చివరి అంకె పక్కన చుక్క ఉంది.

అదే సమయానికి గేటు మనిషి నీళ్ల మోటారు స్విచ్చి వేశాడు. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది.

"నంబరు సరిపోయింది సార్," అన్నాను.

అబద్ధం కాదు. ముక్కలు బల్లమీద పెట్టాను. చెంబులో నీళ్లుంటే తాగాను.

"ఇన్నావా? సీలు నీదే. మరి కట్టలు ఎలగ ఎల్లినాయి? ఎక్కడ దింపినావు?" అన్నాడు బామ్మర్ది. చేతిలో పాత ఫ్యాన్‌బెల్టు ఉంది. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది అదే చోట. చొక్కా చిరిగి, కింద చర్మం వాతలు తేలింది.

"నాను తియ్యలేదు. దారిలో ఒక్క కాడే ఆపినాను, ముంజిల కోసం. అదీ బండికి ఎదురుగా నిలబడే. ఒట్టు బాబూ, మా అమ్మ మీద ఒట్టు."

"అమ్మ మీద ఒట్టెందుకు, సేపల మీదెట్టు," అన్నాడు బామ్మర్ది. కళాసీ ఒకడు నవ్వాడు. బెల్టు మళ్లీ లేచింది. ఈసారి మొహం మీద. పెదవి చీలి రక్తం గడ్డం మీదుగా కారింది. చెప్పులు ఊడదీసి అరికాళ్ల మీద కొట్టారు. అతని కాళ్లు నేలమీద నిలవలేక కొట్టుకుంటుంటే స్తంభం పైనున్న రేకు దడదడలాడింది.

నేను బల్ల పక్కన నిలబడి ఉన్నాను. నా మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. చుక్క సంగతి చెబితే డ్రైవరు బయటపడతాడు. కానీ డ్రాయరు తాళంచెవులు రెండే. మేనేజరు కాదంటే మిగిలేది నేను. చుక్క పెట్టిందీ నేనే. ఇదంతా నిజమే గానీ, దీని వెనక ఇంకోటి కూడా ఉంది. బెల్టు మొదటి నాలుగైదు సార్లు లేచినప్పుడు నాకు టీకొట్టు గుర్తొచ్చింది. కట్టరట్టుకుని తలుపు తీసే నా భార్య గుర్తొచ్చింది. ఇంకో దెబ్బ తిననీ అనుకున్నాను. అనుకున్నాను, అంతే.

ఫ్యాన్‌బెల్టు వదిలేసి బామ్మర్ది జాకీ రాడ్డు అందుకున్నాడు. దాన్ని అడ్డంగా తిప్పి ఎడమ చెవి దగ్గర కొట్టాడు. డ్రైవరు ఈసారి అరవలేదు. తల వాలిపోయింది. చెవిలోంచి రక్తం సన్నగా, పలచగా వచ్చింది. పైన ట్యాంకు నిండి, నీళ్లు పైపు మీదుగా పొర్లి కింద పడుతున్నాయి. కట్టెయ్యడానికి ఎవరూ వెళ్లలేదు.

"ఆపండి. ఆ సీలు ఇతను వేసింది కాదు," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"అది డ్రాయరులో ఉండే స్పేరు. స్పేరు వాటన్నిటికీ నేను చుక్క పెట్టాను. చూసుకోండి. బండి యార్డులో ఉన్న రాత్రే అసలు సీలు తెంచి, సరుకు దింపి, ఇది వేశారు. డ్రాయరు తాళం నా దగ్గర ఒకటి ఉంది. రెండోది మీ దగ్గర సార్."

బామ్మర్ది మేనేజరు మొహం చూశాడు. మేనేజరు అతని మొహం చూడలేదు. బల్లమీది ముక్కలు తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. తరవాత వాటిని నెమ్మదిగా నేలమీద వదిలాడు. నంబరున్న ముక్క కోసం నేను వంగాను. నా వేలు దాని మీద పడ్డాక అతని బూటు నా వేలి మీద పడింది. సిగరెట్టు ఆర్పినట్టు మడమ తిప్పాడు. వేలి కణుపు టక్కుమంది. బోల్ట్ సీలు బిగుసుకునే చప్పుడు అలాగే ఉంటుంది.

ఎడమచేత్తో ముక్క లాక్కుని నోట్లో పెట్టుకున్నాను. వేరే దారి తోచలేదు. బామ్మర్ది డొక్కలో తన్నాడు. దవడ పట్టుకుని తెరవబోయాడు, రాలేదు. పిడికిలితో దవడ మీద కొట్టాడు. కింది పన్ను ఒకటి విరిగి, ప్లాస్టిక్ ముక్కతో పాటు నోట్లో తిరిగింది. రక్తం మింగుతూ పళ్లు బిగబట్టుకున్నాను. ఇంకో రెండు గుద్దులు పడితే బహుశా తెరిచేవాణ్ణి.

"ఎవుడ్రా మోటారు కట్టనోడు? నా సెడ్డంతా నీల్లు. సాక్ కొట్టి సస్తామేటి?"

వెల్డింగ్ మేస్త్రీ. పొర్లిన నీళ్లు గోడ కింద నుంచి అతని షెడ్డులోకి పోయాయి. తిట్టడానికి గేటు దాటి వచ్చినవాడు స్తంభాన్నీ నన్నూ చూసి ఆగిపోయాడు. అతని వెనక షెడ్డు పనివాళ్లు నలుగురున్నారు. మేస్త్రీ వాళ్లలో ఒకణ్ణి వెనక్కి పంపాడు. అతను పెద్ద కట్టర్ తెచ్చాడు. మేనేజరు, "ఇది మా యార్డు విషయం," అన్నాడు. మేస్త్రీ కట్టర్‌ను మేనేజరు ఛాతీ ఎత్తున పట్టుకుని అతని పక్కనుంచి నడిచి వెళ్లి తాడు తెంచాడు. డ్రైవరు నీళ్లలో పడ్డాడు.

పెద్దాసుపత్రిలో నా వేలికి కట్టు వేశారు. డ్రైవరుకు ఎడమ చెవి పోయింది. ఇక వినబడదన్నారు. నోట్లో దాచిన ముక్కను పన్నుతో పాటు గుడ్డలో చుట్టి స్టేషనుకు తీసుకెళ్లాను. డ్రాయరు తెరిపించి చూస్తే ఆ నంబరు స్పేరు లేదు. స్టేషన్లో అధికారి ముక్కను అటూ ఇటూ తిప్పి, "తాళం నీ దగ్గర కూడా ఉందిగా?" అన్నాడు. అతనూ గుర్తున్నాడు.

అందుకే నా ఫిర్యాదులో ఒక మాట రాశాను. "ఫౌండ్రీ నుంచి వచ్చిన సీలు ముక్కపై గుర్తును చూసిన నేను వెంటనే ఆ విషయం చెప్పగా..." వెంటనే చెప్పినవాణ్ణి ఎవరూ దొంగ అనరు. నిలబడి చూసినవాణ్ణి అంటారు. ఆ కాగితమే స్టేషనుకు, లేబర్ ఆఫీసుకు, యార్డు యజమానికి పంపాను. యజమాని మేనేజర్నీ బామ్మర్దినీ మాన్పించాడు, అంతకు మించి ఏమీ చెయ్యలేదు. యార్డుకు మాత్రం బోల్ట్ సీళ్లు తెప్పించాడు. నేను రాసిచ్చిన జాబితా ప్రకారమే, నన్ను అడగకుండా. కేసు ముందుకు కదలాలంటే దెబ్బలు తిన్న మనిషి సంతకం కావాలన్నారు.

డ్రైవరు కోసం వాళ్ల పల్లెకు వెళ్లాను. లారీ మానేసి నాన్నతో వేటకు వెళ్తున్నాడు. ఒడ్డున వల బాగుచేస్తున్నాడు. కుడివైపు కూర్చోమని చేత్తో చూపించాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"సంద్రం మీద అందరూ అరుసుకునే మాటాడతారు. ఒక సెవి సాలు."

కాగితం చదివి వినిపించాను. వల అల్లుతూ విన్నాడు. ఆ మాట దగ్గర చెయ్యి ఆగింది.

"ఏటన్నావు? మల్లీ సదువు."

చదివాను.

"వెంటనేనా బావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నువ్వు ముక్క సూసినప్పుడు మోటారు ఏసినారు. నువ్వు నోరిప్పినప్పుడు ట్యాంకు పొర్లతంది. మద్దిలో నాను నీ మొకమే సూత్తన్నాను. నీల్లు తాగినావు నువ్వు."

నేను కాగితం మడిచాను.

"అంత సేపు దేనికి ఆగినావు?"

టీకొట్టు సంగతి చెప్పాను. అతను చాలాసేపు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. నిజంగా గుర్తు లేదు.

"దానికా," అన్నాడు చివరికి. "ఆ మాట కొట్టీసి తెస్తే సంతకమెడతాను. లేపోతే లేదు."

కోపంగా ఇంటికొచ్చాను. వేలు విరిగిందీ, పన్ను పోయిందీ ఎవరి కోసం? ఆ నెలంతా అదే అనుకున్నాను. ఆ మాట కొట్టేస్తే స్టేషన్లో అడుగుతారు, ఎందుకు ఆగావని. తాళంచెవి మళ్లీ నా వైపు తిరుగుతుంది. కొట్టెయ్యకపోతే కేసు లేదు. మేనేజరు అప్పటికే కొత్త యార్డులో చేరాడు. అక్కడ కూడా ప్లాస్టిక్ సీళ్లే, రెండేసి నంబర్లే అని విన్నాను.

కొత్త కాగితం రాశాను. "వెంటనే" తీసేసి, "నీళ్ల ట్యాంకు నిండి పొర్లే వరకు మౌనంగా ఉండి, ఆ తరవాత" అని రాశాను. ఆ చేత్తో ఆ మాట రాయడానికి పూటంతా పట్టింది.

డ్రైవరు స్టేషనుకు వచ్చాడు. కాగితం తనే తీసుకుని, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. సంతకం పెట్టాడు. ఎందుకు మౌనంగా ఉన్నావని అధికారి నన్ను అడిగాడు. చెప్పాను. అతను రాసుకున్నాడు. కేసు ఇంకా నడుస్తోంది. పిలిచినప్పుడల్లా వెళ్తున్నాను, సాక్షిగా కొన్నిసార్లు, అనుమానితుడిగా కొన్నిసార్లు.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం ఒకే ఆటో ఎక్కాం. అతను ముందు ఎక్కి, కుడి చివరికి జరిగి, నాకు ఎడమవైపు చోటిచ్చాడు. గాజువాక దాకా వినబడని చెవి పక్కనే కూర్చుని వచ్చాను.